పొడి మానేశాక పడిపోయిన హార్బరు కూలీ

రోగి వయసు 52 ఏళ్లు. చెన్నై హార్బరులో కాంట్రాక్టు గ్యాంగులో బస్తాలు మోసే పని, పెళ్లికి ముందు నుంచీ అదే. తండ్రి హయాంలో సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి తండయార్‌పేటలో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, పనిలో తమిళం. బీడీ, సిగరెట్టు అలవాటు లేదు. షుగరు, బీపీ ఉన్నాయని అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి మాత్రం ఏళ్ల తరబడి ఉన్నాయి. భార్య, తోటి కూలీ కలిసి ఆటోలో మా క్లినిక్‌కి తెచ్చేసరికి సొంతంగా కూర్చోలేని స్థితిలో ఉన్నారు. మూడు రోజులుగా వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఎడమ పిక్క ఎర్రగా వాచింది. జ్వరం ఉంది.

ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. "మా గ్యాంగులో వాళ్లకి తెలియాల సార్" అని ఆయనే అన్నారు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్య వివరాలు మార్చలేదు.

రాయడానికి కారణం ముందే చెబుతాను. కీళ్ల నొప్పులకు ఎవరో అమ్మిన పొడి ఈయన్ని జబ్బు మనిషిని చేసింది, అది నిజం. కానీ ప్రాణం మీదకు తెచ్చింది ఆ పొడి తినడం కాదు, ఒక్క రోజులో దాన్ని మానేయడం. "ఆ చెత్త పొడి ఇవాళే అవతల పారేయండి" అని మనం సదుద్దేశంతో చెప్పే మాట వెనక ఎంత ప్రమాదం ఉందో తోటి డాక్టర్లకూ, ఇళ్లలో ఇలాంటి పొడులు తినేవాళ్లున్న కుటుంబాలకూ తెలియాలి.

చూసినప్పుడు

బీపీ 84/50. నాడి నిమిషానికి 118. జ్వరం 101. వేలి చుక్కతో చూస్తే షుగరు 58. పిక్క మీద హార్బరులో కొక్కెం గీరుకున్న గాయం, దాని చుట్టూ అరచేయంత మేర ఎర్రగా, వేడిగా ఉంది. గాయం నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి షాక్ వచ్చిందని ఎవరికైనా మొదట అనిపిస్తుంది. అది సగం నిజమే.

మిగతా సగం ఆయన ఒంటి మీదే ఉంది. ముఖం గుండ్రంగా ఉబ్బి, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మెడ వెనక కొవ్వు దిమ్మలా లేచింది. పొట్ట ముందుకొచ్చింది. అన్ని బస్తాలు మోసిన మనిషికి భుజాలు, తొడలు కండ పట్టి ఉండాలి. ఈయన తొడలు సన్నబడిపోయాయి, జబ్బల్లో కండ లేదు. చొక్కా పైకి తీస్తే పొట్టకు రెండు పక్కలా ఊదారంగు చారలు, సెంటీమీటరుకు మించిన వెడల్పుతో. చేతుల నిండా కమిలిన మచ్చలు. ఎక్కడా దెబ్బ తగిలిన గుర్తు లేదని భార్య చెప్పారు. సెలైన్ ఎక్కించడానికి నరంలో సూది పెట్టి ప్లాస్టరు అంటించాము. చోటు సరిగా లేదని మా నర్సు ఆ ప్లాస్టరు తీస్తే దానితో పాటు అంగుళం మేర చర్మం ఊడి వచ్చింది. ఆమె జాగ్రత్తగానే తీసింది. ఆ చర్మంలో బలం లేదు.

ఏం మందులు వాడుతున్నారని అడిగాను. "ఏమీ లేదు సార్, మందులు ముట్టడు" అన్నారు భార్య. ఆమె అబద్ధం చెప్పలేదు. మన దగ్గర చాలామందికి మందు అంటే డాక్టరు చీటీ రాసి ఇచ్చేదే. అందుకని మళ్లీ విడమరిచి అడిగాను: "కాళ్ల నొప్పికి పొడి, లేహ్యం, కషాయం, ఏదైనా తింటున్నారా అమ్మా?"

"పొడి తింటా ఉండె సార్. రెండేండ్లు తిన్నాడు. ఇప్పుడు మానేసినాడు గదా."

"ఎప్పుడు మానేశారు?"

"పోయిన అమావాస్యకి. ముఖం వాచింది, ఆ పొడి వల్లే, వెంటనే ఆపేయమని ఒక చోట చెప్తే ఆపేసినాడు."

అమావాస్య వెళ్లి పన్నెండు రోజులు. ఆ జవాబుతో కేసు మొత్తం అర్థమైంది: పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండాలి, దాన్ని ఒక్కసారిగా ఆపేశారు.

రక్తం తీసి పక్కన పెట్టాము, కార్టిసాల్ పరీక్షకు. ఫలితం వచ్చేదాకా ఆగలేదు, ఇలాంటి చోట ఆగకూడదు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మి.గ్రా. నరానికి ఇచ్చాము. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ., ఆపైన నార్మల్ సెలైన్ వేగంగా. ఈ ఇంజెక్షన్ అపురూపమైనదేమీ కాదు, ఆయాసానికీ, ఎలర్జీకీ వాడటానికి చిన్న క్లినిక్కుల్లో కూడా పెట్టుకుంటారు. అంబులెన్సు వచ్చేలోగా లీటరు సెలైన్ పూర్తయింది. బీపీ 104/66కు ఎక్కింది. వచ్చినప్పుడు కళ్లు తెరవని మనిషి భార్యను పేరు పెట్టి పిలిచి నీళ్లు అడిగారు. ఒట్టి ఇన్‌ఫెక్షన్ షాక్ అయితే ఒక్క లీటరు సెలైన్‌తో మనిషి ఇలా తేరుకోవడం అరుదు. ఏం ఇచ్చామో, ఎందుకు ఇచ్చామో, ఎన్ని గంటలకు ఇచ్చామో కాగితం మీద రాసి స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రికి పంపాము.

లోపల జరిగింది

మూత్రపిండాల పైన రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి రోజూ కార్టిసాల్ అనే హార్మోను తయారు చేస్తాయి. తెల్లవారుజామున ఎక్కువ, రాత్రికి తక్కువ. బీపీ నిలబడటానికీ, ఆకలి వేళ షుగరు పడిపోకుండా ఉండటానికీ, జ్వరాన్నీ గాయాన్నీ తట్టుకోవడానికీ అది కావాలి. ఎంత తయారు చేయాలో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి చెబుతుంది. బయటి నుంచి స్టెరాయిడ్, అంటే కార్టిసాల్ లాగే పనిచేసే మందు, వచ్చి పడుతుంటే పిట్యూటరీ ఆ ఆదేశం ఇవ్వడం మానేస్తుంది. నెలల తరబడి ఆదేశం రాకపోతే, నీళ్లు తోడని బావి పూడిపోయినట్టు అడ్రినల్ కుంచించుకుపోతుంది. ఆ పరిస్థితిలో బయటి స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. మామూలు రోజుల్లో నీరసంతో నెట్టుకొస్తారు. చిన్న గాయం చీము పట్టినా, నాలుగు విరేచనాలైనా కుప్పకూలిపోతారు. ఈయనకు కొక్కెం గీత చాలింది.

ఆసుపత్రిలో తేలినవి: సోడియం 122, పొటాషియం 4.1, క్రియాటినిన్ 1.5. మా దగ్గర ఇంజెక్షన్‌కు ముందు తీసిన రక్తంలో కార్టిసాల్ డెసిలీటరుకు 1.3 మైక్రోగ్రాములు. షాక్‌లో ఉన్న మనిషికి అది 18 దాటి ఉండాలి. అడ్రినల్ గ్రంథే టీబీ వల్లో మరో కారణంతోనో పాడైతే పొటాషియం పెరుగుతుంది, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడతాయి. ఈయనకు ఆ రెండూ లేవు. అంటే గ్రంథి పాడవలేదు, ఆదేశం అందక ఆగిపోయింది. మళ్లీ పని చేసే అవకాశం ఉంది.

తోటి డాక్టర్లకు ఇక్కడొక మాట. ఒంటి మీద స్టెరాయిడ్ ఎక్కువైన లక్షణాలన్నీ ఉన్నాయి, రక్తంలో కార్టిసాల్ మాత్రం అడుగంటింది. ఈ రెండూ కలిసి కనిపిస్తే బయటి స్టెరాయిడ్ గురించే ముందు వెతకాలి. పిట్యూటరీలో గడ్డ వల్లో, అడ్రినల్‌లో గడ్డ వల్లో ముఖం ఇలా గుండ్రబడితే కార్టిసాల్ పెరిగి ఉంటుంది, తగ్గదు. తినే పొడిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే కార్టిసాల్ పరీక్ష దాన్ని పట్టదు, అంకె తక్కువే వస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్ ఉంటే పరీక్ష దాన్నీ కార్టిసాల్‌గానే లెక్కగట్టి అంకెను పెంచి చూపించవచ్చు. కాబట్టి అంకె బాగానే ఉందని ధీమా పడకూడదు, మనిషిని చూడాలి.

ఆ పొడి సంగతి

డబ్బా తెమ్మంటే భార్య తెచ్చారు. అడుగున ఇంకా నాలుగు చెంచాల పొడి ఉంది. ముదురు గోధుమ రంగు, శొంఠి వాసన, నాలుక చివర పెట్టి చూస్తే ముందు కారం, తర్వాత చాలాసేపు వదలని చేదు. లేబుల్ మీద దేవుడి బొమ్మ, కొన్ని మూలికల బొమ్మలు, "పేటెంట్ మందు" అనే మాట, "సైడ్ ఎఫెక్టులు లేవు" అనే హామీ. బ్యాచ్ నంబరు లేదు. లైసెన్సు నంబరు లేదు. తయారీ చేసిన వాళ్ల చిరునామా లేదు. ఆదివారాల్లో రోడ్డు పక్కన ఒకతను అమ్మేవాడట, రోజుకు 20 రూపాయల లెక్క పడేది.

ఒక ఫార్మసీ కాలేజీలో తెలిసిన అధ్యాపకులకు ఆ పొడి ఇచ్చాను. వాళ్లు పొడిని ద్రావకంలో కరిగించి, సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టారు. పక్కనే అసలు డెక్సామెథసోన్ చుక్క ఒకటి పెట్టి, పలకను ద్రావకంలో నిలబెట్టారు. చుక్కలు పైకి పాకాయి. పొడి నుంచి విడిపోయిన చుక్కల్లో ఒకటి సరిగ్గా డెక్సామెథసోన్ ఎత్తులోనే ఆగింది. పొట్లానికి ఎంత మోతాదు కలిసిందో ఈ పరీక్ష చెప్పదు. ఆయన ఒళ్లు మాత్రం చెబుతూనే ఉంది.

డెక్సామెథసోన్ ఎంత గట్టి మందో తెలిస్తే ఆ పొడి పనితనం అర్థమవుతుంది. మన ఒళ్లు రోజుకు తయారు చేసుకునే కార్టిసాల్ సుమారుగా 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్‌కు సమానం. ప్రెడ్నిసొలోన్ అయితే 5 మి.గ్రా. డెక్సామెథసోన్ అయితే 0.75 మి.గ్రా. చాలు. అరమిల్లీగ్రాము మాత్రలు చిన్నవి, చవకైనవి, నూరి చూర్ణంలో కలిపితే కనబడవు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పడితే ఒంటికి కావలసిన దానికన్నా ఎక్కువే.

మరి నొప్పి తగ్గిందా? తగ్గింది. ఇది ఒప్పుకోకుండా మనం రోగితో మాట్లాడలేము. భార్య మాటల్లో: "తిన్న రెండో రోజే నొప్పి తెలీలా సార్. ఆకలి బాగా వేస్తా ఉండె. రాత్రి షిఫ్టు కూడా చేసి వస్తా ఉండె." 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, ఆమె కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం బయటపడ్డాయి. రోడ్డు పక్క డబ్బాలో ఉన్నది ఆ మహత్తే, ఆ కీడే. 2020లో కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల ప్రాణాలు నిలపడానికి ప్రపంచమంతా రోజుకు 6 మి.గ్రా. చొప్పున పది రోజులు ఇచ్చింది కూడా డెక్సామెథసోనే. మందు చెడ్డది కాదు. పేరు దాచి, మోతాదు దాచి, గడువు లేకుండా తినిపించడం చెడ్డది.

ఆయన ఎందుకు తిన్నారో కూడా చెప్పాలి. ఆయన కూలి బస్తా లెక్కన. 50 కిలోల బస్తా భుజాన వేసుకుని నడిస్తేనే డబ్బు. 2011లో హైకోర్టు ఆదేశంతో బొగ్గు, ఇనుప ఖనిజం పని చెన్నై హార్బరు నుంచి ఎన్నూరు వైపు వెళ్లిపోయింది. కంటైనర్లు వచ్చాక మనిషి భుజంతో జరిగే పని ఇంకా తగ్గింది. ఓడ వచ్చిన నాలుగు రోజులు మోకాలు పట్టేసిందని ఇంట్లో కూర్చుంటే మేస్త్రి మరొకర్ని పెట్టుకుంటాడు. పర్మినెంటు ఉద్యోగికి పోర్టు ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కూలీకి ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఆ లెక్కలో 20 రూపాయల పొడి ఆయనకు పని నిలబెట్టే ఖర్చు. తెలివితక్కువ అని ఆయన్ని కోప్పడే హక్కు నాకు లేదు.

పేటెంట్ మందులన్నీ మోసమని కూడా నేను అనను. మద్రాసు తెలుగువాళ్లకు ఆ మాట అంటే మొదట గుర్తొచ్చేది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు, తర్వాత మద్రాసు వచ్చారు. ఆ లాభాలే ఆంధ్రపత్రికకు ఊపిరి పోశాయి. కేసరి గారి లోధ్ర అనే మందు కూడా ఇక్కడిదే. డబ్బా మీద తయారీదారు పేరు, లోపలేముందో రాసిన పట్టీ ఉంటే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. 1940 నాటి మందుల చట్టం ప్రకారం ఆయుర్వేద పేటెంట్ మందులో ఆ చట్టం గుర్తించిన ప్రామాణిక గ్రంథాల మందు తయారీ సూత్రాల్లో చెప్పిన పదార్థాలే ఉండాలి. డెక్సామెథసోన్ ఏ గ్రంథంలోనూ లేదు. 1954 నాటి మాంత్రిక ఔషధాల ప్రకటనల చట్టం కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటించుకోవడాన్నే నిషేధించింది. ఈ డబ్బా రెండింటినీ దాటింది. ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు రాసి, మిగిలిన పొడి జతచేసి పంపాను.

కోలుకున్న తీరు

ఆసుపత్రిలో ఆరు గంటలకొకసారి హైడ్రోకార్టిసోన్ 50 మి.గ్రా., కాలికి నరం ద్వారా యాంటీబయాటిక్. రెండో రోజుకు వాంతులు ఆగాయి, నాలుగో రోజుకు సోడియం 134. ఎక్స్‌రేలో నడుము దగ్గర ఎల్1 వెన్నుపూస ముందు వైపు కుంగి ఉంది. నడుము నొప్పి అంతా బస్తాల వల్లే అనుకున్నారు ఆయన. ఎముక సాంద్రత పరీక్షలో టీ స్కోరు మైనస్ 3.1, అంటే ఎముకలు బాగా గుల్లబారాయి. మూడు నెలల షుగరు సగటు 7.9 శాతం. కంటి డాక్టరు చూస్తే కంటి కటకం వెనక పొరలో మసక మొదలైంది. స్టెరాయిడ్ వల్ల వచ్చే శుక్లం అక్కడే కనిపిస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్షల్లో టీబీ లేదని తేలింది. ఇది తప్పకుండా చూడాలి, స్టెరాయిడ్ నీడలో టీబీ చప్పుడు లేకుండా లేస్తుంది. చెప్పుల్లేకుండా తడినేల మీద పనిచేసేవాళ్ల పేగుల్లో స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఉంటే స్టెరాయిడ్ దాన్ని ఒళ్లంతా పాకిస్తుంది, అందుకని ఐవర్‌మెక్టిన్ కూడా ఇచ్చారు.

ఇంటికి వచ్చాక బాధ్యత మాది. హైడ్రోకార్టిసోన్ మాత్రలు: నిద్ర లేవగానే 10 మి.గ్రా., మధ్యాహ్నం 5, సాయంత్రం 5. రాత్రికి ఒంట్లో మందు మిగలకూడదు. ఆ ఖాళీలోనే పిట్యూటరీ మేలుకుంటుంది. డెక్సామెథసోన్ ఒంట్లో రోజుకు మించి ఉంటుంది కాబట్టి ఆ అవకాశం ఇవ్వదు.

ఆయనకు ఇది మింగుడు పడలేదు. "పొడిలో ఉన్నది స్టెరాయిడ్, మీరిచ్చేది కూడా స్టెరాయిడ్. అది విషం, ఇది మందు, ఎట్లా సార్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నిజమే, రెండూ ఒకే కుటుంబం అన్నాను. దీని మీద పేరు ఉంది, ఎన్ని మిల్లీగ్రాములో ఉంది, ఒంటికి ఎంత కావాలో అంతే ఇస్తున్నాము, ఎప్పుడు తగ్గించాలో పరీక్ష చెబుతుంది అన్నాను. ఆయన ఒప్పుకున్నారు కానీ, మాత్ర వేసుకునే ప్రతిసారీ పట్టీ మీది అంకె చదివే అలవాటు చేసుకున్నారు.

ఒక కార్డు రాసిచ్చాము. ఒక పక్క తెలుగు, వెనక తమిళం, కింద డ్యూటీ డాక్టర్ల కోసం ఇంగ్లీషు: "నేను స్టెరాయిడ్ మాత్రల మీద ఉన్నాను. ఇవి హఠాత్తుగా ఆపకూడదు. వాంతులైనా, స్పృహ తప్పినా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ ఇవ్వండి." మెడలో వేసుకునే హార్బరు పాసు కవర్లో, పాసు వెనక పెట్టించాము. జ్వరం వస్తే మాత్రలు రెట్టింపు, వాంతి అయి మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రి అని భార్యకు కూడా అప్పజెప్పించాము. ఈశాన్య రుతుపవనాలప్పుడు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలిచిన వారం ఆయనకు జ్వరం వచ్చింది. భార్యే మోతాదు రెట్టింపు చేసి, పొద్దున్నే మాకు ఫోన్ చేశారు. మూడు రోజుల్లో జ్వరం తగ్గింది, బీపీ పడలేదు.

అన్నిటికన్నా కష్టమైన కాలం నాలుగో వారం నుంచి మూడో నెల దాకా. పొడి లేకపోయేసరికి మోకాళ్ల అసలు నొప్పి తిరిగొచ్చింది. దానికి తోడు ఒళ్లంతా నొప్పులు, కండరాల పీకుడు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం. మోతాదు సరిపోతున్నా సరే, ఎక్కువ స్టెరాయిడ్‌కు అలవాటు పడ్డ ఒళ్లు ఇలా గోల చేస్తుంది. ఒకరోజు వచ్చి, "ఒక్క పొట్లం సార్, ఒక్కటి తింటే ఈ రాత్రి నిద్రపోతా" అన్నారు. చాలామంది మళ్లీ పొడికి పోయేది సరిగ్గా ఇక్కడే. డాక్టరు కార్టిసాల్ అంకె చూసి బాగుందంటాడు, రోగి నొప్పితో రాత్రంతా కూర్చుంటాడు. ఈ నొప్పిని తగ్గించకుండా పొడి మాన్పించాలనుకోవడం అత్యాశ.

ఇలా అవుతుందని ముందే చెప్పి ఉంచాము, అది కొంత పనిచేసింది. పారాసిటమాల్ వేళకు వేసుకోవడం, నొప్పి వచ్చాక కాదు. మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్, సాయంత్రం వేడినీటి కాపడం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మాత్రం మింగనివ్వలేదు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండు, పైగా కిడ్నీ అప్పుడే కోలుకుంటోంది. వీటన్నిటికన్నా మేలు చేసింది తొడ కండరాల వ్యాయామం: కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలిపి, దించడం. మొదట్లో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయారు. రెండో నెలలో చేతులు కట్టుకుని ఒకసారి లేచారు. ఆరో నెలలో ఆపకుండా ఐదుసార్లు లేచి కూర్చుని, ఆరోసారి కూడా లేస్తానన్నారు.

ఎముకలకు కాల్షియం, విటమిన్ డి, వారానికోసారి అలెండ్రొనేట్ 70 మి.గ్రా. దాన్ని పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదు. లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. శుక్రవారం పొద్దున మాత్ర మింగి, వీధి చివరి పంపు దాకా నడిచి రావడం అలవాటు చేసుకున్నారు.

పొద్దుటి కార్టిసాల్, ముందు రోజు సాయంత్రం మాత్ర మానేయించి, పొద్దుటి మాత్రకు ముందే తీసి చూశాము. మూడో నెలలో 3.4. అది 5 కన్నా తక్కువ, కాబట్టి మాత్రలు అలాగే. ఆరో నెలలో 6.8. గ్రంథి లేస్తోంది. సాయంత్రం మాత్ర తీసేశాము, తర్వాత మధ్యాహ్నానిది. పదో నెలలో 11.6. పది దాటితే గ్రంథి తన పని తాను చేసుకుంటోందని లెక్క. పొద్దుటి మాత్ర కూడా ఆపాము. ఏడాది దాకా జ్వరానికీ, పళ్లు తీయించుకోవడానికీ జాగ్రత్త కోసం కార్డు ఉంచుకోమన్నాము. ముఖం ఐదో నెలకే మామూలైంది. షుగరు సగటు మెట్‌ఫార్మిన్‌తో 6.1కు దిగింది, తర్వాత ఆ మాత్ర కూడా తీసేశాము. ఊదా చారలు తెల్లబడ్డాయి, పోలేదు, పోవు కూడా. వెన్నుపూస కుంగినది కుంగినట్టే ఉంది.

బస్తా మోయడం మాత్రం ఇక కుదరదు. మేస్త్రిని పిలిపించి ఎక్స్‌రే చూపించి చెప్పాను. చిరిగిన బస్తాలు గోనెసూదితో కుట్టడం, లారీకి ఎక్కిన లెక్క రాయడం ఆయనకు ఇచ్చారు. కూలి తగ్గింది. ఈఎస్ఐ కార్డు కోసం కాంట్రాక్టరు వెంట పడి సాధించింది భార్య. ఈ కోలుకోవడంలో నాకన్నా ఆమె పాత్రే పెద్దది.

ఆ గ్యాంగులో మిగతావాళ్లు

మేస్త్రి ఎక్స్‌రే చూసి వెళ్లిన వారానికి తన గ్యాంగులో అదే పొడి తింటున్న నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఎవరినీ ఉన్నపళంగా ఆపేయమనలేదు. పొడి ఆపిన రోజు నుంచే ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా. పొద్దున్నే వేసుకోవాలనీ, ఒక్క పూట కూడా మధ్యలో ఖాళీ ఉండకూడదనీ చెప్పి, కార్టిసాల్‌కు రక్తం తీశాము. మూడు నెలలుగా మాత్రమే తింటున్న కుర్రాడికి, ఆ ముందు వారం పొట్లం దొరక్క తినలేదట, పొద్దుటి అంకె 13 వచ్చింది. అతనికి మాత్రలు అవసరం లేకపోయింది, మోకాలికి వ్యాయామం నేర్పి పంపాము. ఇద్దరికి 2 లోపే ఉంది. వాళ్లు ఇప్పుడు హైడ్రోకార్టిసోన్‌కు మారి, నెలనెలా వస్తున్నారు, ఒకరికి మోతాదు తగ్గించడం మొదలైంది.

నాలుగో ఆయన మాత్రలు వద్దన్నారు. కూతురి పెళ్లి అయ్యేదాకా బస్తా మోయాలి, పొడి మాననని చెప్పారు. బలవంతం చేయలేదు. నెలకోసారి బీపీ, షుగరు చూపించుకోవడానికి ఒప్పించాను. పొడి దొరకని రోజు వేసుకోవడానికి ప్రెడ్నిసొలోన్ పట్టీ ఒకటి ఇచ్చి, ఎప్పుడు ఎలా వేసుకోవాలో కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. పెళ్లి మాఘమాసంలో. ఆ తర్వాతి సోమవారానికి కార్టిసాల్ పరీక్ష రాసి పెట్టాము.